నోటి క్యాన్సర్ తిరగబెడుతుందా? రక్తంలో వెతుకుతున్న సమాధానం

నాలుక పక్కన రెండు సెంటీమీటర్ల పుండు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. మెడ తడిమి చూస్తే గడ్డలేవీ చేతికి తగలడం లేదు, స్కానింగ్‌లోనూ అనుమానించాల్సింది కనపడలేదు. పుండును కోసి తీసేయాలన్న విషయంలో ఏ సర్జన్‌కూ సందేహం ఉండదు. తేలనిదల్లా మెడ సంగతే. నోట్లో పుట్టిన క్యాన్సర్ సాధారణంగా ముందుగా పాకేది మెడలోని లింఫ్ గ్రంథులకు. స్కానింగ్‌కు కూడా అందనంత చిన్న కణాల గుంపు అప్పటికే అక్కడికి చేరి ఉండవచ్చు. అలాగని అందరికీ మెడ గ్రంథులు తీసేస్తే, క్యాన్సర్ అటువైపు పోనివాళ్లకు కూడా పెద్ద ఆపరేషన్ చేసినట్టవుతుంది. భుజం పైకి లేవకపోవడం, మెడ బిగిసిపోవడం, చర్మం తిమ్మిరెక్కడం వంటి బాధలు వాళ్లకు మిగులుతాయి.

ఈ చిక్కును విప్పడానికి ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2004లో ఒక పరీక్ష మొదలుపెట్టింది. డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం తొలిదశ నోటి క్యాన్సర్ రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసింది. మొదటి వర్గానికి నోటి ఆపరేషన్‌తో పాటే మెడ గ్రంథులూ తీసేశారు. రెండో వర్గానికి మెడలో జబ్బు బయటపడితేనే తీశారు. 500 మంది వివరాలతో 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వెలువడ్డాయి. మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవారు మొదటి వర్గంలో 80 శాతం, రెండో వర్గంలో 67.5 శాతం. ముందుగానే మెడ ఆపరేషన్ చేయడం మేలని ప్రపంచమంతా ఒప్పుకుంది.

అదే పరీక్షలో ఇంకో లెక్క ఉంది. ముందుగా మెడ ఆపరేషన్ చేయించుకున్నవారిలో, తీసిన గ్రంథులలో నిజంగా క్యాన్సర్ కనపడింది దాదాపు 30 శాతం మందికే. మిగతా 70 శాతం మంది గ్రంథులలో అది లేదు. ఆ ముప్పై శాతం మంది ఎవరో కత్తి పట్టకముందే తెలిస్తే? ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ ఎవరికి తప్పనిసరో, ఏడాది తిరిగేలోగా ఎవరికి జబ్బు తిరగబెడుతుందో ముందే చెప్పగలిగితే? ఒక గొట్టం రక్తంలో ఆ సమాధానం దొరుకుతుందేమోనని రెండు మూడు దశాబ్దాలుగా ప్రయోగశాలలు వెతుకుతున్నాయి.

మన నోళ్లలోని జబ్బు

ప్రపంచంలో ఏటా కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ బారిన పడేవారు 2022 అంచనాల ప్రకారం సుమారు 3.9 లక్షల మంది. వారిలో 1.4 లక్షల మందికి పైగా భారతీయులే. ఏటా దాదాపు 80 వేల మంది ఈ దేశంలో దీనివల్ల చనిపోతున్నారు. భారతీయ పురుషులలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే.

పాశ్చాత్య దేశాలలో నాలుక, నోటి అడుగు భాగాల్లో క్యాన్సర్ ఎక్కువ. మన దగ్గర ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ ఎక్కడ నొక్కిపెట్టుకుంటే అక్కడే జబ్బు పుడుతుంది కాబట్టి బుగ్గ లోపలివైపు, కింది చిగుళ్ల పొడవునా ఎక్కువ. వక్క ఒక్కటే నమిలినా ప్రమాదమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఉత్తరాంధ్ర తీరానికి మరో ప్రత్యేకత ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ముఖ్యంగా ఆడవాళ్లలో తరతరాలుగా సాగింది. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద క్యాన్సర్ వచ్చేది. 1960ల చివర డెన్మార్క్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో పది వేల మందికి పైగా గ్రామస్తుల నోళ్లు పరీక్షించి, అంగిలిపై వచ్చే మార్పులను నమోదు చేసింది. అంగిలి క్యాన్సర్ గురించి ప్రపంచ వైద్య గ్రంథాలకు తెలిసినదానిలో కొంత భాగం ఆ పల్లెల నుంచే వెళ్లింది.

జబ్బు ఎలా నడుస్తుందో చెప్పడానికి వైద్యులు ఇప్పుడు ఆధారపడేది ముఖ్యంగా కొలతల మీద. గడ్డ ఎంత పెద్దది, గ్రంథులకు పాకిందా, దూరపు అవయవాలకు చేరిందా అన్న మూడు ప్రశ్నలతో దశను నిర్ణయిస్తారు. 2017లో వచ్చిన ఎనిమిదో సవరణతో లోతు కూడా లెక్కలోకి వచ్చింది. పుండు పైకి చిన్నదిగా ఉన్నా లోపలికి 5 మిల్లీమీటర్లు దాటి దిగితే ఒక మెట్టు, 10 దాటితే ఇంకో మెట్టు పెరుగుతుంది. క్యాన్సర్ కణాలు నరం వెంట పాకడం, లింఫ్ గ్రంథి పొరను చీల్చుకుని బయటికి రావడం చెడ్డ సూచనలు. కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగిలినా, గ్రంథి పొర చీలినా రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ మందు కూడా ఇవ్వడం మేలని 2004లో యూరప్, అమెరికా పరీక్షలు రెండూ చూపించాయి.

అయినా ఒకే దశ, ఒకే లోతు, ఒకే చికిత్స ఉన్న ఇద్దరిలో ఒకరు పదేళ్లు ఆరోగ్యంగా ఉంటే, ఇంకొకరికి ఎనిమిది నెలలకే జబ్బు తిరగబెట్టడం ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ చూసేదే. మైక్రోస్కోపు కింద చూసేది గడ్డలోంచి కోసిన పలుచని ముక్కల్ని. ఆ ముక్కలో లేనిది, శరీరంలో ఇంకెక్కడో మిగిలినది దానికి కనపడదు. రక్తమైతే ఒళ్లంతా తిరిగి వస్తుంది.

రోజూ చేసే పరీక్షలోనే

జబ్బు జాడ చెప్పే రక్త మార్కర్లు అనగానే ఖరీదైన యంత్రాలు గుర్తుకొస్తాయి. నిజానికి ఎన్నో అధ్యయనాలు జరిగిన ఒక మార్కర్ ఏ చిన్న ల్యాబ్‌లోనైనా చేసే సీబీపీ కాగితంలోనే ఉంది. తెల్ల రక్తకణాలలో న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్ల శాతంతో భాగిస్తే వచ్చే అంకె అది. ఆరోగ్యవంతులలో సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. చికిత్సకు ముందు ఈ అంకె ఎక్కువగా ఉన్న నోటి క్యాన్సర్ రోగులు సగటున తక్కువ కాలం బతుకుతున్నారని ఎన్నో దేశాల అధ్యయనాలు చూపాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. క్యాన్సర్ కణాన్ని గుర్తించి చంపే పని ప్రధానంగా లింఫోసైట్లది. న్యూట్రోఫిల్స్ గాయాన్ని మాన్పడానికి పరుగెత్తుకొచ్చే కణాలు. కొత్త రక్తనాళాలు మొలిపించే పదార్థాలను అవి వదులుతాయి. గడ్డ పెరగడానికి కావలసింది కూడా అవే రక్తనాళాలు. అందువల్ల ఆ నిష్పత్తి పెరగడమంటే, శరీరపు రక్షణ బలగం తగ్గి గడ్డకు అనుకూలమైన వాతావరణం ఏర్పడుతోందని అర్థం చేసుకోవచ్చు. ఇదే కోవలో సీఆర్‌పీ అనే వాపు సూచిక పెరగడం, అల్బుమిన్ అనే రక్త ప్రొటీన్ తగ్గడం కూడా చెడు ఫలితాలతో ముడిపడి కనిపిస్తాయి. నోరు తెరవలేక, మింగలేక నెలల తరబడి అర్ధాకలితో ఉన్న రోగి అల్బుమిన్ తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. పుచ్చిపోయిన పళ్లు, చీము పట్టిన పుండు ఉన్నా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నా న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి. ఒక అధ్యయనం 2 దాటితే ప్రమాదమంటే ఇంకొకటి 5 వరకూ పరవాలేదంటుంది. వెయ్యిమందిని కలిపి చూస్తే నిజమయ్యే సూచన, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి విషయంలో పెద్దగా ఏమీ చెప్పకపోవచ్చు.

సూచికను చికిత్స చేస్తే జబ్బు తగ్గుతుందన్న భ్రమ ఇంకా ప్రమాదకరం. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న తల, మెడ క్యాన్సర్ రోగులకు రేడియేషన్ అంత బాగా పనిచేయదని చాలాకాలంగా తెలుసు. ఆక్సిజన్ అందని గడ్డను రేడియేషన్ సరిగ్గా చంపలేదు. అయితే హిమోగ్లోబిన్ పెంచితే సరి అనుకుని, యూరప్‌లో 351 మందిపై ఎరిత్రోపాయెటిన్ ఇంజెక్షన్‌ను పరీక్షించారు. 2003లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. హిమోగ్లోబిన్ పెరిగింది. కానీ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో క్యాన్సర్ అదుపు ఇంకా అధ్వానమైంది, ఎక్కువమంది చనిపోయారు.

గడ్డ వదిలే ప్రొటీన్లు, చిట్టి ఆర్‌ఎన్‌ఏలు

శరీరం స్పందనను కాకుండా, గడ్డ స్వయంగా రక్తంలోకి వదిలే వాటిని పట్టుకోవడం రెండో దారి. నోటి క్యాన్సర్లలో తొంభై శాతానికి పైగా స్క్వామస్ కణాల నుంచి పుడతాయి. అదే జాతి కణాల నుంచి పుట్టే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 1977లో జపాన్ శాస్త్రవేత్తలు కాటో, టోరిగోయె ఒక ప్రొటీన్‌ను గుర్తించారు. దాన్నే ఎస్‌సీసీ యాంటిజెన్ అంటున్నారు. నోటి క్యాన్సర్ రోగులలో ఆపరేషన్‌కు ముందు ఇది ఎక్కువగా ఉంటే జబ్బు ముదిరి ఉండే అవకాశం, మెడకు పాకి ఉండే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ తర్వాత తగ్గి మళ్లీ పెరగడం మొదలుపెడితే తిరగబెడుతోందేమోనని అనుమానించాలి. అయితే మామూలు చర్మంలో, లాలాజలంలో కూడా ఈ ప్రొటీన్ ఉంటుంది. సోరియాసిస్ ఉన్నా, కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా పెరుగుతుంది. తొలిదశ చిన్న గడ్డల్లో చాలావరకు మామూలుగానే ఉంటుంది. సైఫ్రా 21-1 అనే మరో ప్రొటీన్ ముక్క పరిస్థితీ ఇంచుమించు ఇదే.

ఆ తర్వాత మైక్రో ఆర్‌ఎన్‌ఏలు వచ్చాయి. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగులో వీటిని కనుగొన్నారు. 2024లో ఆ పనికే నోబెల్ బహుమతి అందుకున్నారు. సుమారు 22 అక్షరాల పొడవుండే ఈ చిట్టి ఆర్‌ఎన్‌ఏలు ప్రొటీన్‌ను తయారుచేయవు, ఇతర జన్యువుల సందేశాలను అడ్డగించి ఏ ప్రొటీన్ ఎంత తయారు కావాలో నియంత్రిస్తాయి. మామూలు ఆర్‌ఎన్‌ఏ రక్తంలో నిమిషాల్లో చితికిపోతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మాత్రం ప్లాస్మాలో చెక్కుచెదరకుండా నిలుస్తాయని 2008లో తేలడంతో వాటి వేట మొదలైంది. వక్కాకు నమిలే అలవాటు బాగా ఉన్న తైవాన్‌లో, నోటి క్యాన్సర్ రోగుల ప్లాస్మాలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-31 ఎక్కువగా ఉందనీ, గడ్డ తీసేశాక తగ్గిందనీ 2010లో పరిశోధకులు చూపించారు. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే జన్యువులను అణిచే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 ఎక్కువగా ఉండటం కూడా చెడు ఫలితాలతో ముడిపడి కనిపించింది.

అయితే రక్తం తీసేటప్పుడు సూది సరిగా పడక కొన్ని ఎర్రకణాలు పగిలినా, వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు బయటపడి లెక్క తారుమారవుతుంది. ఒక ప్రయోగశాల గొప్పగా చెప్పిన ఫలితం ఇంకోచోట రాకపోవడం ఈ రంగంలో మామూలైపోయింది.

రక్తంలో తేలే డీఎన్‌ఏ ముక్కలు

ఇప్పుడు ఎక్కువ ఆశ పెట్టుకున్నది డీఎన్‌ఏ మీద. మనిషి రక్తంలో కణాలతో సంబంధం లేకుండా డీఎన్‌ఏ తేలుతూ ఉంటుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు మాండెల్, మెతే 1948లోనే చెప్పారు. డీఎన్‌ఏ జంట మెలిక నిర్మాణం తెలియడానికి ఐదేళ్ల ముందు మాట అది. దాదాపు ముప్పై ఏళ్లు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. క్యాన్సర్ రోగుల రక్తంలో ఆ డీఎన్‌ఏ ఎక్కువగా ఉంటుందని 1977లో తేలింది.

ఈ డీఎన్‌ఏ చనిపోయే కణాల నుంచి వస్తుంది. కణం చచ్చేటప్పుడు దాని డీఎన్‌ఏ ముక్కలవుతుంది. ఒక్కో ముక్క సుమారు 166 అక్షరాల పొడవు. ఆరోగ్యవంతులలో ఈ ముక్కలు ఎక్కువగా తెల్ల రక్తకణాల నుంచి వస్తాయి. గడ్డ ఉన్నవారిలో గడ్డ కణాల ముక్కలు కూడా కలుస్తాయి. వాటిని వేరు చేసి గుర్తుపట్టేది ఉత్పరివర్తనాల ఆధారంగా. ఆ మనిషి మిగతా కణాలలో లేని అక్షర దోషం ఉన్న ముక్క దొరికితే అది గడ్డ నుంచి వచ్చిందే. పైగా ఈ ముక్కలు రక్తంలో ఎక్కువసేపు ఉండవు, రెండు మూడు గంటల్లోపే సగానికి తగ్గిపోతాయి. అందువల్ల ఈ రోజు తీసిన రక్తం ఈ రోజు పరిస్థితినే చెబుతుంది.

1996లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో డేవిడ్ సిడ్రాన్‌స్కీ బృందం 21 మంది తల, మెడ క్యాన్సర్ రోగుల గడ్డలోని డీఎన్‌ఏ మార్పులను వారి రక్తంలో వెతికింది. ఆరుగురిలో దొరికాయి. ఆ ఆరుగురూ జబ్బు ముదిరినవారే. అదే సంస్థ శాస్త్రవేత్తలు 2015లో మరింత సున్నితమైన పద్ధతితో 93 మందిని పరీక్షించారు. ప్లాస్మా పరీక్షించిన 47 మందిలో 87 శాతం మంది రక్తంలో గడ్డ డీఎన్‌ఏ కనిపించింది. నోటి క్యాన్సర్ రోగుల వరకు చూస్తే రక్తంలో 80 శాతం మందికి, లాలాజలంలో అందరికీ దొరికింది. గడ్డ నోట్లోనే ఉంది కాబట్టి లాలాజలంలోకి నేరుగా రాలుతుంది. కాకపోతే మెడలోనో ఊపిరితిత్తుల్లోనో దాగిన జబ్బు గురించి లాలాజలం అంతగా చెప్పలేదు, అందుకు రక్తమే కావాలి.

2022లో జర్మనీలోని మ్యూనిక్ వైద్యులు లయనెస్ అనే అధ్యయనంలో ఇంకో అడుగు వేశారు. తల, మెడ క్యాన్సర్ ఉన్న 17 మంది గడ్డల జన్యుక్రమం చదివి, ఒక్కొక్కరికీ వారి గడ్డకే ప్రత్యేకమైన పదుల కొద్దీ ఉత్పరివర్తనాల జాబితా తయారుచేశారు. ఆపరేషన్‌కు ముందు పదిహేడుగురి రక్తంలోనూ ఆ గుర్తులు కనిపించాయి. ఆపరేషన్ తర్వాత 0.0006 శాతం మేరకు ఉన్నా పట్టుకోగలిగారు, అంటే పది లక్షల ముక్కలలో ఆరు. జబ్బు తిరగబెట్టినవారందరిలోనూ అది వైద్యులకు కనపడక ముందే రక్తంలో డీఎన్‌ఏ కనిపించింది. ఎంత ముందుగా అంటే, 108 రోజుల నుంచి 253 రోజుల వరకు.

పదిహేడు మంది అంటే చాలా చిన్న సంఖ్య. అయినా మూడున్నర నెలల నుంచి ఎనిమిది నెలల వ్యవధి క్యాన్సర్ వైద్యంలో చిన్నది కాదు.

వైరస్ ఉన్న చోట సులువు, లేని చోట కష్టం

తల, మెడ ప్రాంతంలోనే రక్తపరీక్ష ఇప్పటికే గట్టిగా నిలబడిన క్యాన్సర్లు రెండున్నాయి. దక్షిణ చైనాలో ఎక్కువగా కనిపించే ముక్కు వెనుక భాగపు క్యాన్సర్‌కు ఎప్‌స్టైన్ బార్ వైరస్‌తో సంబంధం ఉంది. హాంకాంగ్‌లో డెన్నిస్ లో బృందం లక్షణాలేవీ లేని 20 వేల మందికి పైగా పురుషుల రక్తంలో ఆ వైరస్ డీఎన్‌ఏను వెతికి 34 మందిలో క్యాన్సర్ పట్టుకుంది. వారిలో ఎక్కువమందిది తొలిదశ. 2017లో ప్రచురించిన ఈ ఫలితం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. పాశ్చాత్య దేశాలలో టాన్సిల్స్, నాలుక మొదలు దగ్గర వచ్చే క్యాన్సర్లకు చాలావరకు హెచ్‌పీవీ వైరస్ కారణం. అక్కడ చికిత్స తర్వాత రక్తంలో హెచ్‌పీవీ డీఎన్‌ఏను కొలిచి తిరగబెట్టడాన్ని కనిపెట్టే పరీక్షలు వాడుకలోకి వచ్చాయి. వైరస్ డీఎన్‌ఏ మనిషి డీఎన్‌ఏలో భాగం కాదు కాబట్టి రోగులందరికీ ఒకే పరీక్ష సరిపోతుంది.

పొగాకు, వక్క తెచ్చే మన నోటి క్యాన్సర్‌లో అటువంటి ఉమ్మడి గుర్తు లేదు. ఒక్కొక్కరి గడ్డలో ఒక్కో రకం దోషాలు. వాటిలో పదే పదే కనిపించేవి ఏమిటో తెలియాలంటే మన రోగుల గడ్డలనే చదవాలి. ఆ పని పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ఉన్న జాతీయ జీవవైద్య జన్యుశాస్త్ర సంస్థ, టాటా మెమోరియల్ సెంటర్ కలిసి చేశాయి. పార్థ మజుందార్, రాజీవ్ శరీన్‌ల నాయకత్వంలో బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్ రోగుల గడ్డల జన్యువులు చదివి 2013లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వెల్లడించారు. టీపీ53, ఎఫ్ఏటీ1, క్యాస్పేస్-8, హెచ్‌ఆర్‌ఏఎస్, నాచ్1 వంటి తెలిసిన జన్యువులతో పాటు, అంతవరకు ఈ క్యాన్సర్‌తో ముడిపడని యూఎస్‌పీ9ఎక్స్, ఏఆర్‌ఐడీ2 వంటి మరో ఐదు జన్యువుల్లోనూ తరచుగా దోషాలు కనిపించాయి. భారతీయ రోగుల కోసం రక్తపరీక్ష తయారుచేసేవారికి ఏ జన్యువుల్లో వెతకాలో చెప్పే పునాది ఇది. పూర్తిగా అమెరికా రోగుల జాబితా మీద కట్టిన పరీక్ష ఇక్కడ కొన్ని గడ్డలను వదిలేయవచ్చు.

ఎక్కడ తప్పుతుంది

టీపీ53 దోషం రక్తంలో దొరికిందంటే క్యాన్సర్ తిరగబెట్టినట్టేనా? కాకపోవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఎముక మజ్జలోని మూలకణాలు కూడా దోషాలు కూడబెట్టుకుంటాయి. వాటి నుంచి పుట్టిన తెల్లకణాలు చనిపోయినప్పుడు అవే దోషాలు ప్లాస్మాలోకి వస్తాయి. అరవై దాటినవారిలో ఇది అరుదు కాదు. కాబట్టి ప్లాస్మాతో పాటు ఆ మనిషి తెల్లకణాల డీఎన్‌ఏను కూడా చదివి పోల్చకపోతే, లేని జబ్బుకు మందు ఇచ్చే ప్రమాదం ఉంది.

గడ్డ మరీ చిన్నదైతే పది మిల్లీలీటర్ల రక్తంలో దాని ముక్క ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. ఎంత గొప్ప యంత్రమైనా గొట్టంలో లేనిదాన్ని చూడలేదు. అందుకే రక్తంలో ఏమీ దొరకలేదన్న ఫలితం జబ్బు లేదన్న హామీ కాదు.

నోటి క్యాన్సర్‌కే ప్రత్యేకమైన ఇంకో ఇబ్బంది ఉంది. 1953లో డానెలీ స్లాటర్, అతని సహచరులు 783 మంది నోటి క్యాన్సర్ రోగుల కణజాలం పరీక్షించి, గడ్డ చుట్టూ ఉన్న మామూలుగా కనపడే పొర కూడా మారిపోయి ఉందని గమనించారు. తెగులు పట్టిన చేనులో ఒక మొక్క పీకేసినా పక్క మొక్కల్లో తెగులు ఉన్నట్టే, ఏళ్ల తరబడి పొగాకు తగిలిన నోటి పొరలో ఒక గడ్డ తీసేసినా రెండోది వేరేచోట పుట్టవచ్చు. ఆ రెండో గడ్డ దోషాలు మొదటిదానివి కాకపోతే, మొదటి గడ్డ కోసం తయారుచేసిన పరీక్షకు అది చిక్కదు. నోరు తెరిచి చూసే వైద్యుడి కంటికి మాత్రం చిక్కుతుంది.

ముందే తెలిస్తే ఏం లాభం

ఒక మార్కర్‌కు అసలు పరీక్ష ప్రయోగశాల బయట ఉంటుంది. ముందుగా తెలియడం వల్ల చికిత్స మారాలి, చికిత్స మారడం వల్ల రోగికి మేలు జరగాలి. ఈ రెండూ ప్రతిసారీ జరగవు. అండాశయ క్యాన్సర్‌లో సీఏ-125 పెరిగితే, లక్షణాలు రాకముందే జబ్బు తిరగబెడుతోందని తెలుస్తుంది. అలా పెరగగానే కీమో మొదలుపెట్టినవారినీ, లక్షణాలు వచ్చేదాకా ఆగినవారినీ పోల్చిన పరీక్ష ఫలితాలు 2010లో లాన్సెట్‌లో వచ్చాయి. 529 మంది పాల్గొన్న ఆ పరీక్షలో రెండు వర్గాలవారూ దాదాపు ఒకే కాలం బతికారు. ముందుగా మొదలుపెట్టినవారు కీమో బాధలు మాత్రం ముందుగా పడ్డారు.

పెద్దపేగు క్యాన్సర్ కథ మరోలా నడిచింది. ఆస్ట్రేలియాలో రెండో దశ రోగులు 455 మందిపై జరిగిన డైనమిక్ పరీక్షలో, ఆపరేషన్ తర్వాత రక్తంలో గడ్డ డీఎన్‌ఏ ఉన్నవారికే కీమో ఇచ్చారు. మామూలు పద్ధతిలో 28 శాతం మందికి కీమో పడితే, ఈ పద్ధతిలో 15 శాతానికే పడింది. రెండేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారి శాతం రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానం. 2022లో వెలువడిన ఈ ఫలితం, రక్తపరీక్షతో అనవసరమైన మందులు తప్పించవచ్చని చూపింది.

నోటి క్యాన్సర్‌లో ఇటువంటి నిర్ణయాలు మూడున్నాయి. తొలిదశలో మెడ గ్రంథులు తీయాలా వద్దా అన్నది మొదటిది. ఆపరేషన్ తర్వాత ఆరు వారాల రేడియేషన్ ఎవరికి తప్పనిసరి అన్నది రెండోది. నోరు ఎండిపోవడం, మింగలేకపోవడం, దవడ ఎముక దెబ్బతినడం వంటి రేడియేషన్ కష్టాలు జీవితాంతం ఉండిపోవచ్చు కాబట్టి అక్కర్లేనివారిని తప్పించడం పెద్ద మేలు. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే కొత్త మందులు ఎవరికి ఇవ్వాలన్నది మూడోది. 714 మందిపై జరిగిన కీనోట్-689 పరీక్షలో, ఆపరేషన్‌కు ముందూ వెనకా పెంబ్రోలిజుమాబ్ తీసుకున్నవారిలో జబ్బు ముదరడం, తిరగబెట్టడం లాంటివేవీ లేకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 30.4 నెలల నుంచి 51.8 నెలలకు పెరిగింది. ఆ మందు ధర మన దేశంలో చాలా కుటుంబాలకు అందదు. టాటా మెమోరియల్ వైద్యులు ముదిరిన తల, మెడ క్యాన్సర్‌లో అదే కోవకు చెందిన నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతు కూడా కాకుండా, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి పరీక్షించారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఇటువంటి మందులు అందుబాటులోకి వచ్చేకొద్దీ, జబ్బు చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవడానికి అర్థం ఏర్పడుతుంది. చేతిలో చికిత్స లేనప్పుడు ముందస్తు కబురు భయాన్నే పెంచుతుంది.

జిల్లా ఆసుపత్రి దాకా రావాలంటే

ఒక్కో రోగి గడ్డ జన్యుక్రమం చదివి, అతనికే ప్రత్యేకమైన పరీక్ష తయారుచేయడం ఖరీదైన పని. మన దేశంలో ఎక్కువమందికి అందేది, బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్‌లో పదే పదే దెబ్బతినే జన్యువులను ఒకేసారి చూసే ఉమ్మడి పరీక్షే. అది సీబీపీ, అల్బుమిన్, గడ్డ లోతు వంటి చవక కొలతలతో కలిస్తే ఇంకా బలంగా ఉంటుంది.

రక్తం ప్రయాణం కూడా సమస్యే. మామూలు ఈడీటీఏ గొట్టంలో తీసిన రక్తం నుంచి కొన్ని గంటల్లో ప్లాస్మా వేరు చేయాలి. ఆలస్యమైతే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్‌ఏ ముంచెత్తుతుంది, గడ్డ ముక్కలు అందులో కలిసిపోతాయి. పలాసలో తీసిన రక్తం విశాఖ చేరేలోపు ఈ గడువు దాటిపోవచ్చు. కణాలు పగలకుండా కొన్ని రోజులు నిలిపే ప్రత్యేక గొట్టాలు ఉన్నాయి, వాటికి ధర ఎక్కువ. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా ఆసుపత్రి వంటి చోట్లకు రోగులు జిల్లాల నుంచి వస్తారు. నమూనాలు తీయడం, నిల్వ చేయడం, ఏళ్ల తరబడి ఫలితాలతో పోల్చడం అటువంటి కేంద్రాలలోనే వీలవుతుంది.

ఈలోగా రోగి కుటుంబం చేయగలిగింది చాలా ఉంది. రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే ఏ మార్కర్ కోసమూ ఆగనక్కర్లేదు, బయాప్సీ చేయించుకోవాలి. నోరు తెరిపించి చూడటమనే చవక పరీక్షకు ఎంత శక్తి ఉందో కేరళ రుజువు చేసింది. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన అధ్యయనంలో, శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్టు 2005లో తేలింది.

చికిత్స అయినవారికి జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అందుకే మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది రెండు నుంచి ఆరు నెలలకోసారి వైద్యుడికి చూపించుకోవాలి. బాగానే ఉంది కదా అని ఆ రాకపోకలు ఆపేసేవారు చాలామంది. సీబీపీ కాగితంలో ఒక నిష్పత్తి చూసి బెంబేలెత్తనక్కర్లేదు, మార్కర్ మామూలుగా ఉందని మెడలో గడ్డను పట్టించుకోకుండా ఉండకూడదు. చికిత్స తర్వాత కూడా ఖైనీ, చుట్ట మానలేకపోతున్నవారికి జాతీయ క్విట్‌లైన్ 1800 112 356 ఉచితంగా సాయం చేస్తుంది. పరిశోధన కోసం రక్తం, గడ్డ ముక్క దాచిపెట్టుకోవడానికి ఆసుపత్రి అనుమతి అడిగినప్పుడు, ఆ పత్రంలో ఏముందో అడిగి తెలుసుకుని నిర్ణయించుకోవాలి. బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్‌కు సరిపోయే రక్తపరీక్ష తయారయ్యేది, ఇక్కడి రోగులు ఇచ్చే అటువంటి నమూనాలతో, వారిని ఐదేళ్లపాటు వదలకుండా గమనించిన రికార్డులతోనే.